‘దెక్సాయ్’: వడిసెల గుండు మీది మాటకు తెలుగేది?

పలక
అందరికీ నమస్కారం. బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్‌లో దొరికిన సీసపు గుండు ఒకటుంది. క్రీ.పూ. 4వ శతాబ్దానిది. చేత్తో తిప్పి విసిరే ఆయుధంలో పెట్టి శత్రువు మీదికి వదిలేది. బాదంకాయ ఆకారం. ఒక పక్క రెక్కలున్న పిడుగు బొమ్మ, రెండో పక్క ఉబ్బెత్తుగా ఐదు గ్రీకు అక్షరాలు: దెల్తా, ఎప్సిలోన్, క్సీ, ఆల్ఫా, యోటా. కలిపితే ‘దెక్సాయ్’. దీన్ని ‘తీసుకో’ అంటే సరిపోతుందా? నాకు చప్పగా అనిపిస్తోంది. ఆయుధాన్ని ఉండేలు అనాలా, వడిసెల అనాలా? విసిరే వస్తువును తూటా అనవచ్చా? తెలిసినవారు చెప్పండి.

మంచె
ఉండేలు అనకున్రి. ఉండేలంటే ఉండవిల్లు. విల్లు లెక్క వంచిన కర్రకు తాడు కట్టి మట్టి ఉండలు కొట్టేది. ఇప్పుడు పంగల కర్రకు రబ్బరు కట్టిన గులేరును గూడ ఉండేలనే అంటున్నరు. రెండిట్ల ఏది చూసినా బలం సాగేదాంట్లకెళ్లి వస్తది. గ్రీకోళ్ల చేతిలున్నది వడిసెల. దాంట్ల సాగేది ఏం లేదు, చెయ్యిని పొడుగు చేసుడే దాని పని. జొన్న చేన్ల మంచె మీదికెళ్లి పిట్టలను కొట్టేది గదే. తెలంగాణ సాయుధ పోరాటంల ఊరోళ్లు రజాకార్ల మీద రాళ్లు ఇసిరింది గూడ వడిసెలతోనే. తెలుగు బైబిల్ల దావీదు చేతిలున్నదీ వడిసెలనే. మాట మన దగ్గర ఉండంగ కొత్తది ఎందుకు?

ఇంకొకటి. రెండు తాళ్లు, నడుమ రాయి పట్టే అల్లిక, గంతే దాని సామాను. ఒక తాడు కొసకు ముడి ఏసి వేలికి తొడుగుతరు. రెండో కొసను బొటనేలికి, చూపుడేలికి నడుమ పట్టి ఇడుస్తరు. పట్టుకున్నంక రెండు తాళ్లు సరి పొడుగు ఉండాలె. ఒకటి పొడుగైతే నడిమి అల్లిక వాలి రాయి ముందే జారుతది. మీదికెళ్లి ఇసిరేటప్పుడు జల్ది ఇడిస్తే మొగులుకు పోతది, ఆలస్యం చేస్తే కాళ్ల ముందట పడతది. ‘గిరగిర తిప్పి ఇసిరేది’ అని అర్థం రాస్తరు గని, గిరగిర తిప్పుడు అవసరం లేదు. రోమన్ సైన్యం గురించి రాసిన వెజీషియస్ గూడ తల చుట్టు ఒక్కసారి తిప్పి ఇడువుమనే చెప్పిండు. వేగం ఆఖరి విసురుల వస్తది. ఎన్ని చుట్లు తిప్పితే అన్నిసార్లు గురి తప్పే సందు ఇచ్చినట్టే.

గంటం
మంచె గారి మాటే నా మాట. తూటా కూడా వద్దు. తూటా అనగానే మందుగుండు తలపుకొస్తుంది. ‘సీసపు గుండు’ చాలు. ఉండ అంటే గుండ్రనిదే అనుకుంటారు, ఇది రెండు కొనలూ సన్నబడిన వస్తువు. రోమన్లు దీన్ని ‘గ్లాన్స్’ అన్నారు. ఓక్ చెట్టు కాయకు వాళ్ల భాషలో ఉన్న పేరే అది. గ్రీకులు లోహాన్ని బట్టి ‘మొలుబ్దిస్’ అన్నారు, మొలుబ్దోస్ అంటే సీసం. మన ‘సీసపు గుండు’ ఈ రెండోదానికి దగ్గర.

ఇక అసలు మాట. ‘దెఖొమాయ్’ అనే క్రియకు ఇది ఆజ్ఞార్థకం, మధ్యమ పురుష, ఏకవచనం. చేయడం ఒక్కసారికే అని చెప్పే రూపం. ‘స్వీకరిస్తూ ఉండు’ అని చెప్పాలంటే ‘దెఖూ’ అనేవారు. కాబట్టి మొదటి సంగతి, ఇది ఒకే ఒక్క గుండు మాట్లాడే మాట. రెండో సంగతి, ఈ క్రియకు కర్త తన కోసం తాను చేసుకునే రూపమే ఉంది. ఇంగ్లిషు ద్వారా వస్తే ఆ సొగసు పోతుంది. తెలుగులోకి నేరుగా తెస్తే పోదు, ఎందుకంటే మనకు ‘కొను’ ఉంది. తీసుకో, అందుకో, పుచ్చుకో, కాచుకో, ఎదుర్కో: అన్నిటి చివరా ఆ ‘కో’యే. గ్రీకు గుళ్ల మీదే ‘లబే’ అనే మాటా దొరుకుతుంది. అక్కడ వాడింది ఆ సొంత రూపం కాదు, అది ఉత్త ‘పట్టు’. ఈ రెంటినీ ఒకే ‘తీసుకో’తో సరిపెడితే రాసినవాడు చూపిన తేడా మనం చెరిపేసినట్టు.

దెఖొమాయ్‌కి మరో ముఖం ఉంది. అతిథిని ఇంట్లోకి ఆహ్వానించడానికీ, కానుక స్వీకరించడానికీ ఇదే క్రియ. మీదికొచ్చే శత్రువును నిలబడి తట్టుకోవడానికీ ఇదే. హోమర్ కావ్యం ఇలియడ్ 5వ సర్గలో ట్రాయ్ పక్షపు విలుకాడు పాండరస్, ఎదురుగా వస్తున్న వీరుణ్ని ‘వాడి బల్లెంతో స్వీకరిస్తాను’ అనే అంటాడు. తెలుగులో ఈ రెండు పనులూ చేసే మాట ఒకటుంది: ఎదుర్కొను. శత్రువును ఎదుర్కొంటాం. మగపెళ్ళివారికి చేసే మర్యాద పేరు ఎదురుకోలు. భద్రాచలంలో శ్రీరామనవమి ముందురోజు జరిగేది ఎదుర్కోలు ఉత్సవం. అర్థం మటుకు తూచితే ‘ఎదుర్కో’ కంటే దగ్గరి మాట నాకు తోచలేదు.

పలక
గంటం గారూ, ఎదురుకోలు గురించి చదివి చాలా సంతోషమైంది. కానీ ‘ఎదుర్కో’ అని విడిగా గుండు మీద చూస్తే సవాలే వినిపిస్తుంది, మర్యాద వినిపించదు. పెళ్ళి అర్థం నామవాచకంలో ఉంది, ఆజ్ఞార్థకంలో కాదు కదా?

కొలిమి
వ్యాకరణం పెద్దలకు వదిలి, ఆ అక్షరాలు సీసం మీదికి ఎలా వచ్చాయో చెబుతాను. మాట పొట్టిగా ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది.

మామూలుగా మట్టితో చేసిన రెండు పలకల అచ్చు. రెండింటిలోనూ గుండులో సగం సగం లోతు తీస్తారు. మధ్యలో నిలువుగా ఒక కాలువ, దానికి అటూ ఇటూ గుళ్ల గుంటలు. పలకలు కలిపి కట్టి పైనుంచి సీసం పోస్తే కాలువలోంచి గుంటల్లోకి పాకుతుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, కట్టెల మంట చాలు. సైన్యం విడిది చేసినచోటే పోసుకోగలగడం అందుకే. చల్లారాక అచ్చు విప్పితే చింతకాయల గుత్తిలా వస్తుంది. ఒక్కొక్కటి కోసి వేరుచేస్తారు. కోసినచోట మొద్దు మచ్చ, పలకలు కలిసినచోట చుట్టూ సన్నని అంచు మిగులుతాయి. తీరిక ఉంటే గీకుతారు, లేకపోతే అలాగే విసురుతారు.

ఉబ్బెత్తు అక్షరం అంటే అచ్చులో లోతుగా చెక్కిన అక్షరం. అచ్చులో కుడి ఎడమలు తిప్పి చెక్కాలి, మరిచి మామూలుగా చెక్కితే గుండు మీద తిరగబడి వస్తుంది. అలాంటివి చాలా దొరికాయి. దెక్సాయ్ రాసినవాడికి ఇక్కడొక వెసులుబాటు ఉంది. దెల్తా, క్సీ, ఆల్ఫా, యోటా నాలుగూ అద్దంలో చూసినా మారవు. ఎప్సిలోన్ ఒక్కటే దిక్కు చూపుతుంది. దాన్ని తిప్పి, వరసను కుడి నుంచి ఎడమకు చెక్కితే చాలు. లాటిన్‌లో ‘ఫెరి’ అని చెక్కేవాడికి ఆ సుఖం లేదు. నాలుగింటిలో మూడక్షరాలు తిప్పి చెక్కాల్సిందే.

అచ్చు తడిగా ఉంటే ఆవిరి పుట్టి సీసం చేతుల మీదికి చిమ్ముతుంది. చల్లగా ఉంటే అక్షరాల సందుల్లోకి పోయేలోపే గడ్డకడుతుంది. అప్పుడు గీత సగంలో ఆగిపోతుంది, ఎప్సిలోన్ మధ్య గీత మాయమవుతుంది. గుండు పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు, బరువు తరచుగా 20 నుంచి 50 గ్రాముల మధ్య. ఆ వంపు మీద ఐదారక్షరాలైతే దిట్టంగా పడతాయి. మాట పెరిగితే గీతలు సన్నబడతాయి, సన్నబడితే సీసం నిండదు. రాసినవాడు ఒక్క మాటతో ఆగడానికి సగం కారణం ఇదే.

కొన్నిటి మీద అక్షరాలు లోపలికి ఉంటాయి. అవి పోసిన తర్వాత మేకు మొనతో గీసినవో, ముద్ర కొట్టినవో. అచ్చులో చెక్కిన మాట అధికారికంగా వందల గుళ్ల మీదికి వెళ్తుంది. మొనతో గీసినది ఒకరి సొంత మాట. చదివేటప్పుడు ముందు ఈ తేడా చూడాలి.

మంచె
కొలిమి అన్నా, సీసం ఎందుకో గూడ చెప్పరాదు? రాయి ఉచితమే గద.

కొలిమి
ఘనసెంటీమీటరు సీసం 11.3 గ్రాములు, మామూలు రాయి 2.6 గ్రాముల చుట్టుపక్కల. 40 గ్రాముల సీసం మూడున్నర ఘనసెంటీమీటర్లలో సరిపోతుంది, అంతే బరువు రాయికి 15 కావాలి. రెండూ గుండ్రంగా ఉన్నాయనుకుంటే రాయి అడ్డుకొలత 1.6 రెట్లు, గాలికి ఎదురయ్యే ముఖం 2.7 రెట్లు. గాలి ఆపే బలం ఆ ముఖాన్ని బట్టే కాబట్టి సీసం దూరం పోతుంది, చివరిదాకా వేగం నిలుపుకుంటుంది.

పుస్తకాల సాక్ష్యం కూడా ఉంది. క్రీ.పూ. 401లో పర్షియా లోపలి నుంచి వెనక్కి నడుస్తున్న గ్రీకు సైనికుల మీద శత్రువుల వడిసెలవాళ్లు రాళ్లు కురిపించారు. జెనొఫోన్ తన దళంలో రోడ్స్ ద్వీపం వాళ్లను వెతికాడు. పర్షియన్లు చేతినిండా పట్టే రాళ్లు వాడుతున్నారు, మనవాళ్లకు సీసం వాడటం తెలుసు, దాదాపు రెండింతల దూరం పోతుంది అన్నాడు. వడిసెల ఉన్నవాడికి దాని వెల ఇచ్చి, కొత్తది అల్లేవాడికి కూలి ఇచ్చి, 200 మందిని నిలబెట్టాడు. తర్వాత ఊళ్లలో వాళ్లకు నరాల తాళ్లు, సీసం దొరికాయని కూడా రాశాడు. చిన్న గుండుకు నడిమి అల్లిక కూడా చిన్నగా, బిగువుగా ఉండాలి. పెద్ద రాయికి అల్లినదాంట్లో సీసం వేస్తే నిలవదు. బలేరిక్ దీవులవాళ్లు మూడు వడిసెలలు వెంట ఉంచుకునేవారని భూగోళం రాసిన గ్రీకు రచయిత స్త్రాబో చెప్పింది తాడు పొడవు సంగతి: దూరానికి పొడవుది, దగ్గరికి పొట్టిది, మధ్యకు మధ్యది.

గంటం
కొలిమి గారు చెప్పిన క్సీ దగ్గర చిన్న చేర్పు. ఏథెన్స్‌లో పాత పద్ధతిలో క్సీకి వేరే అక్షరం లేదు, ‘ఖీ’ పక్కన ‘సిగ్మా’ పెట్టేవారు. క్రీ.పూ. 403లో క్సీకి వేరే అక్షరం ఉన్న అయోనియా ప్రాంతపు వర్ణమాల అధికారికమైంది. ఇంటి రాతల్లో అంతకుముందే వచ్చింది కాబట్టి అదొక్కటే చూసి కాలం తేల్చకూడదు గానీ, ఐదక్షరాల దెక్సాయ్ 4వ శతాబ్దానికి చక్కగా అతుకుతుంది.

క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ ముట్టడించి నాశనం చేసిన ఒలింథోస్ దగ్గర ‘ఫిలిప్పొ’ అని ఉన్న గుళ్లు దొరికాయి. అది సంబోధన కాదు. చివర ‘ఊ’ ధ్వనికి పాత అలవాటున ఒకే ఓమిక్రోన్ రాశారు, షష్ఠీ విభక్తి. తెలుగులో ‘ఫిలిప్పుది’ అంటే అచ్చంగా అదే. ‘ఫిలిప్పు యొక్క’ అని రాస్తే నేను ఒప్పుకోను. గుండు తనెవరిదో చెబుతోంది, ‘ది’ ఒక్కటే చాలు.

పలక గారి అభ్యంతరం న్యాయమైనదే. ఎదుర్కో వదిలేద్దాం. మరైతే?

మంచె
‘కాస్కో’ అంటే?

గంటం
కాస్కో విసరకముందు మాట, రాబోయేదానికి హెచ్చరిక. దెక్సాయ్ గుండు చేరేటప్పటి మాట. ఇచ్చేవాడు ఇస్తూ అనేది. ఆ ఇవ్వడం తెలుగు మాటలో వినపడాలి.

పలక
అయితే ‘అందుకో’? విసిరినదాన్ని అందుకుంటాం, కానుకనూ అందుకుంటాం.

గంటం
బావుంది. నా ఓటు మటుకు ‘పుచ్చుకో’కి. అందుకోవడంలో చేయి చాపే చురుకు ఉంది, కానీ మర్యాద తప్పనిసరి కాదు, బంతినీ అందుకుంటాం. పుచ్చుకోవడంలో ఇచ్చేవాడూ, తీసుకునేవాడూ, ఆ ఇద్దరి మధ్య మర్యాదా ఉంటాయి. దానం పుచ్చుకుంటాం, తాంబూలం పుచ్చుకుంటాం. ‘ఇస్తినమ్మ వాయనం – పుచ్చుకుంటినమ్మ వాయనం’ అన్నది ఆ మర్యాదకు నిలువెత్తు రూపం. దెక్సాయ్‌లో పోటు ఎక్కడుందంటే, చంపడానికి పంపేదాన్ని వాయనం ఇచ్చినట్టు ఇవ్వడంలో ఉంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. వేరే గ్రీకు గుండు మీద ‘త్రోగాలియోన్’ అని ఉంది. భోజనం అయ్యాక కొరుక్కు తినడానికి పెట్టే గింజలు, తీపి వగైరా. మన ‘తాయిలం’ దానికి దగ్గర. బాదం ఆకారపు సీసాన్ని తాయిలంగా పంపినవాడు విందు భాషలోనే మాట్లాడుతున్నాడు. దెక్సాయ్‌నీ ఆ వరసలో చదవాలి.

కొలిమి
అచ్చు చెక్కేవాడి వైపు నుంచి ‘అందుకో’కే నా మద్దతు. పుచ్చుకోలో చకారం కింద చకారం, ఆ సందుల్లో సీసం నిలవదు. మ్యూజియం చీటీ మీద రాసేదైతే పుచ్చుకో అనే వేయండి.

మంచె
మా దిక్కు పుచ్చుకొనుడు మాటల తక్కువ, ‘తీస్కో’ అనే అంటరు. గని వాయనం సంగతి విన్నంక ‘పుచ్చుకో’కి అడ్డం చెప్ప. ‘లబే’కు ‘పట్టు’ అని ఖాయం చేయున్రి, గది మస్తు కుదిరింది.

పలక
సరే, చీటీకి ‘పుచ్చుకో’. ఇంకో అనుమానం. 2025లో హిప్పోస్ తవ్వకాలవాళ్లు ప్రకటించిన గుండు మీద ‘మథూ’ అని ఉందట. గలిలయ సముద్రానికి తూర్పున కొండమీది ఊరు. ‘నేర్చుకో’ అని అర్థమిచ్చారు. సరేనా?

గంటం
సరే. పైగా మన చర్చకు బలం. ఆ క్రియకు మామూలు ఆజ్ఞ ‘మథే’. ఇక్కడ చెక్కింది తన కోసం చేసుకునే రూపం, అంటే మళ్లీ మన ‘కో’. అర్థానికి ‘బుద్ధి తెచ్చుకో’ అంటే ఇంకా దగ్గర. అయితే ఒక్క మాటకు ఒక్క మాటగా ‘నేర్చుకో’ ఉంచండి. తెలుగులో ‘ఇప్పటికైనా నేర్చుకో’ అని కోపంగా అంటాం కాబట్టి ఆ కాటు పోదు.

కొలిమి
రోమన్ల గుళ్లు కూడా కాస్త చూడండి. ఇటలీలో పెరూసియా, ఇప్పటి పెరూజా. క్రీ.పూ. 41–40 చలికాలం. లోపల మార్క్ ఆంటోనీ తమ్ముడు లూసియస్, బయట ఆక్టేవియన్. రెండు పక్షాల గుళ్లూ దొరికాయి. వాటిలో పచ్చి బూతులూ ఉన్నాయి. ఆంటోనీ భార్య ఫుల్వియా పేరుతో, ఆక్టేవియన్ పేరుతో శరీరభాగాలు చెప్పి గురిపెడుతున్నానంటాయి. ‘పెతో’ అనే క్రియకు గురిపెట్టడం, కోరడం రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి ఆ బూతు పనిచేస్తుంది. అనువాదంలో చుక్కలు పెట్టి దాటేయకండి, అవి చరిత్ర సాక్ష్యాలు.

నాకు తెలుసుకోవాలనున్నది రెండు. ‘లూకి ఆంతోని కాల్వే పెరీస్తి’: బట్టతల లూసియస్‌ని పిలిచి, ‘నువ్వు నశించావు’ అని భూతకాలంలో ఎందుకు? వాడింకా బతికే ఉన్నాడు కదా. రెండోది ‘ఏసురేయిస్ ఎత్ మే కేలాస్’.

గంటం
మొదటిదానికి తెలుగువాడు తడుముకోనక్కర్లేదు. ‘దొరికావంటే చచ్చావ్!’ అంటాం, చావు ఇంకా రాకపోయినా. జరిగి తీరేదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం. ‘బట్టతల లూసియస్ ఆంటోనీ, చచ్చావ్!’ అని రాయండి, ‘నశించితివి’ వద్దు. క్రీ.పూ. 90–89లో ఆస్కులుమ్ ముట్టడి నాటి ‘ఫుగితీవీ పెరీస్తిస్’ కూడా ఇదే: ‘పారిపోయినోళ్లారా, చచ్చారు!’ అక్కడిదే ‘ఫెరి పోంప్’. ఫెరి అంటే కొట్టు. ఆజ్ఞ శత్రువుకు కాదు, గుండుకు. పోంపేయుస్ ఆ ఊరిని ముట్టడించిన రోమన్ సేనాని. పోంపేయుస్‌ని కొట్టమని విసిరేవాడు గుండును పురమాయిస్తున్నాడు. దెక్సాయ్‌లో గుండు శత్రువుతో మాట్లాడుతోంది, ఇక్కడ మనిషి గుండుతో మాట్లాడుతున్నాడు. ముందు ఎవరు ఎవరితో అంటున్నారో తేల్చుకోకపోతే అనువాదం తప్పుదారి పడుతుంది. మరో జాగ్రత్త: ఆస్కులుమ్ పేరుతో 19వ శతాబ్దంలో నకిలీలు చాలా తయారయ్యాయి. పొడవాటి, మరీ చమత్కారమైన వాక్యం కనిపిస్తే ముందు అనుమానించాలి.

రెండోది: ఏసురేయిస్, ఆకలితో ఉన్నావు. మామూలు లాటిన్‌లో ‘ఏసురీస్’, దీర్ఘ ఈకారానికి పాత పద్ధతిలో ‘ఏయి’ అని రెండక్షరాలు రాశారు, తప్పు కాదు. కేలాస్, దాస్తున్నావు. లాటిన్‌లో దాచే క్రియ ఎవరి నుంచి దాస్తామో వాళ్లను కూడా ద్వితీయలోనే పెడుతుంది, అందుకే ‘మే’. మనం ‘నన్ను దాస్తున్నావు’ అనకూడదు, అర్థం మారిపోతుంది. ‘ఆకలికి మాడుతూ నా దగ్గర దాస్తున్నావా’ అనాలి. ముట్టడిలో ఉన్న ఊరు తిండి అయిపోయే లొంగింది కాబట్టి ఇది ఊరికే తిట్టు కాదు, లోపలి సంగతి మాకు తెలుసు అని చెప్పడం.

మంచె
లోపలి సంగతి బయటికి ఎట్ల తెలుస్తదంటే, అదీ గుళ్లతోనే. రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్ రేవు పిరేయుస్‌ను ముట్టడించినప్పుడు లోపలున్న ఇద్దరు ఏథెన్స్ బానిసలు సీసపు గుళ్ల మీద కబురు రాసి బయటికి ఇసిరిన్రని చరిత్రకారుడు అప్పియన్ రాసిండు. క్రీ.పూ. 45ల స్పెయిన్ల అతేగువా కాడ సీజర్ దిక్కు పడ్డ గుండు మీద, మీరు ఊరు పట్టెతందుకు వచ్చిన దినం నేను డాలు కింద పెడత అని రాసి ఉండె. గిసొంటిదానికి ‘రాసిన గుండు’ అంటే చాలదు, ‘కబురు గుండు’ అందామా?

గంటం
కబురు గుండు చాలా బాగుంది. తిట్టూ బెదిరింపూ ఉన్నదాన్ని రాత గుండు అందాం, సమాచారం మోసేదాన్ని కబురు గుండు. అచ్చులో పోసిన రాత కబురు కాలేదు. అప్పటికప్పుడు మొనతో గీసిందే కబురవుతుంది.

కొలిమి
ఫొటోలు చూసి చదివేవారికి ఒక సూచన. సీసం మీద తెల్లని పొర కడుతుంది, నేరుగా వెలుగు పడితే అక్షరం కనబడదు. పక్కనుంచి, దాదాపు గుండు ఒంటికి ఆనించినట్టు దీపం పెట్టి, నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు తీసి పోల్చాలి. పొరను గీకకూడదు. గీకితే అక్షరాల అంచులు దానితోపాటే ఊడిపోతాయి. ముట్టుకున్న చేతులు కడుక్కోవాలి. కొట్టుకున్నప్పుడు నలిగిన కొన ఏదో ముందు గుర్తించండి, అటువైపు పోయిన అక్షరాలకు చుక్కలు పెట్టి చదవండి. లేని అక్షరాన్ని ఊహించి నింపితే ‘ఫెరి’ కాస్తా ఇంకేదో అవుతుంది.